పశువుల రోగములు - గుర్తించుట, తెలియజేయుట

గత వర్షాకాలమున ఒక సోమవారమునాడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రెండవ గంట మ్రోగిన పిమ్మటగాని బడికి రాలేదు. ఆలస్యమునకు కారణ మడుగగా, “మా ఆవు నెమరేయలేదు సార్. అవ్వ నన్ను ఫోను చేసేదాకా కదలనీయలేదు” అని చెప్పెను. తరగతిలో కొందరు నవ్విరి. పాడిగల ఇండ్ల పిల్లలు మాత్రము నవ్వలేదు. వారిలో ఒకడు వెంటనే, “ముట్టె తడిగా ఉందా?” అని అడిగెను. పశువైద్యుడు మొట్టమొదట అడుగదగిన ప్రశ్న అది. గణితమున వెనుకబడియున్నాడని ఆ బాలుని మేము తఱచుగా మందలించుచుండెడివారము. ఆనాడు ఆ ప్రశ్న వినిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయవలెనని మాకు తోచినది.

మేము పశువైద్యులము కాము, తెలుగు బోధించువారము. ఇందు చెప్పబోవు వైద్యవిషయములు గ్రంథములు చదివియు, వైద్యులను అడిగియు తెలిసికొన్నవి. ఐనను, పశువునకు మందు వేయుటకు ముందు ఆ రోగమును గూర్చి ఒకరు మరియొకరికి చెప్పవలసియున్నది గదా. చెప్పుట మాటలతో జరుగు పని. మాట తప్పినచో మందును తప్పును. ఆ మేరకు ఈ విషయము తెలుగు ఉపాధ్యాయునికిని సంబంధించినదే యని మా తలంపు.

హోసూరు, దెంకణికోట, తళి, శూలగిరి, వేపనపల్లి ప్రాంతముల పల్లెలలో మన తెలుగువారి ఇండ్ల ముందర రెండు ఆవులో, ఒక ఎనుమో, నాలుగు మేకలో కట్టియుండుట తఱచుగా కనబడును. హోసూరునందు 1824లో స్థాపింపబడిన ప్రభుత్వ పశుక్షేత్రము కలదు. అట్టి పెద్ద క్షేత్రములందు వైద్యుడు చేరువనే యుండును. రెండావుల రైతునకు వైద్యుడు దూరము. కాని ఆ రైతునకు మరియొక బలము కలదు. అతనికి, అంతకంటెను అతని యింటి స్త్రీలకు, ప్రతి పశువు యొక్క నడక, తిండి, కోపము, అలవాటు సమస్తము తెలియును. వందల పశువులలో ఒకటి ఒకపూట మేత తగ్గించిన ఎవరికి తెలియును? రెండింటిలో ఒకటి కుడితి మూతి పెట్టక తల త్రిప్పుకొన్నచో ఇంటిల్లిపాదికి తెలియును.

ఇక అవ్వ చూచిన గుర్తులను పరిశీలింతము. ఆరోగ్యముగా నున్న ఆవు దినమునకు ఏడెనిమిది గంటలు నెమరు వేయును. జ్వరము వచ్చినను, నొప్పి కలిగినను, కడుపు చెడినను మొదట ఆగిపోవునది అదియే. కావున నెమరు ఆగుట రోగము పేరు కాదు. ఏదో రోగము కలదనుటకు ఆనవాలు. ముట్టెపై మంచుబిందువులవంటి తడి యుండుట క్షేమము. ముట్టె ఎండుట జ్వరమునకు గుర్తు. చెవి మొదట చేయి పెట్టి వేడి చూచుట మన యిండ్లలో ఎల్లరు ఎరిగినదే. ఇందు ఒక చిన్న మెలకువ కలదు. ఆవు సహజోష్ణము 101 మొదలు 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలవరకు ఉండును. మనకు జ్వరమనదగిన వేడి దానికి ఆరోగ్యము. కావున చేయి తగిలించి “ఒళ్లు కాలుచున్నది” అనుట ఒక్కొకప్పుడు పొరపాటగును. అలవాటుపడిన చేయి మాత్రము నిన్నటి వేడికిని నేటి వేడికిని గల తేడాను పట్టుకొనును. సాయంకాలపు పాలు ఒక్కసారిగా తగ్గుట, మందలో ఎప్పుడును ముందుండు మేక వెనుకబడుట, రోమములు నిక్కబొడుచుకొనుట, పేడ గట్టిపడుట లేక నీళ్లగుట - ఇవియన్నియు ఆ జాతి గుర్తులే.

ఇంతవరకు మన పెద్దలు సాధారణముగా తప్పుపడరు. తప్పు వచ్చునది రెండవ మెట్టునందు. పశువునకు బాగులేదని తెలిసికొనుట వేరు. ఏ రోగమో నిశ్చయించుట వేరు. ఒకే గుర్తు మూడు రోగములకు ఉండవచ్చును. చొల్లు కార్చుట యను ఒక్క గుర్తును తీసికొందము.

పశువు నోటినుండి చొల్లు దారములవలె సాగి కారుచున్నదనుకొనుడు. నాలుకపైనను చిగుళ్లపైనను పొక్కులు చిట్లి పుండ్లయి, గిట్టల నడుమను పుండ్లుండి కుంటుచున్నచో అది గాలికుంటు కావచ్చును. ఏ టెంకాయ చిప్పయో, దుంపముక్కయో గొంతున అడ్డుపడినను చొల్లు కారును. అప్పుడు కడుపు ఉబ్బును. మూడవది భయంకరమైనది. పిచ్చికుక్క కరచిన పశువునకు కొన్ని వారములకో, నెలలకో ఆ రోగము బయటపడినప్పుడు గొంతు పట్టుకొనిపోయి మ్రింగలేక చొల్లు కార్చును, అరపు మారును. చూచువారికి గొంతున ఏదో అడ్డుపడినట్లే యుండును. దయగల యజమాని నోరు తెరచి మోచేతివరకు చేయి పెట్టి వెదకును. ఆ చొల్లునందే విషమున్నది. చేతిపై గీత యున్నచో అతని ప్రాణమునకే అపాయము. ఆ రోగము మనుష్యునికి బయటపడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు. బయటపడకమునుపు టీకాలు వేయించుకొన్నచో రక్షణ కలదు. కావున చొల్లు కార్చు పశువు నోట వట్టిచేయి పెట్టరాదు. పెట్టియున్నచో సబ్బుతో పదిహేను నిమిషములు నీటిధారక్రింద కడిగికొని, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. విద్యార్థులారా, ఈ వ్యాసమున ఇంకేమి మరచినను ఈ యొక్క విషయము ఇంట చదివి వినిపింపుడు.

ఇక పేర్ల విషయము. మన ప్రాంతమున ఒక్కొక్క రోగమునకు కనీసము మూడు పేర్లు కలవు. పేరు పెట్టినవారు పండితులు కారు; పశువులను కాచినవారు. కావున పేరునందే రోగలక్షణము దాగియుండును. “గాలికుంటు” అను మాట చూడుడు. కుంటు అని కాలి సంగతి చెప్పుచున్నది. గాలి అని వ్యాపించు తీరు చెప్పుచున్నది. ఒక కొట్టమునుండి మరియొక కొట్టమునకు గాలివలె ప్రాకునని పెద్దల భావము కాబోలు. చల్లని తడిదేశములలో ఆ వ్యాధి క్రిములు నిజముగానే గాలిలో దూరము పోగలవు. 1981లో ఫ్రాన్సు తీరమునుండి సముద్రము మీదుగా బ్రిటిషు దీవులలోని వైట్ ద్వీపమునకు గాలి ద్వారా ఈ వ్యాధి చేరినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మనవంటి వేడిదేశమున మాత్రము అది హెచ్చుగా సంతకు తోలిన పశువుల వలనను, మనుష్యుల చెప్పులు, చేతులు, మేత, బండ్ల వలనను ప్రాకును. కన్నడమువారు దానిని “కాలుబాయి రోగ” అందురు. కాలు, నోరు అని సూటిగా చెప్పినారు. తమిళులు “కోమారి” అందురు. ఆ పేరు వినగానే మారియమ్మ తలపునకు వచ్చును.

“చిటుకు రోగము” అను గొఱ్ఱెల వ్యాధి పేరు మరియు సొగసైనది. చిటుకు వేయునంతలో చచ్చునని భావము. తొలకరి వానలకు మొలచిన లేతగడ్డిని గొఱ్ఱెలు ఆశగా మేసినప్పుడు, వాని ప్రేగులలోనున్న క్రిములు ఒక్కసారిగా పెరిగి విషమును పుట్టించును. సాయంకాలము గంతులు వేసిన గొఱ్ఱె తెల్లవారుసరికి ఉండదు. ఇట్టిదానిని గుర్తించి తెలుపుటకు వ్యవధియే లేదు. వానలకు ముందే టీకా వేయించుట తప్ప వేరు మార్గము లేదు.

“జబ్బవాపు” అనునది బలిసిన కోడెదూడలకు, పెయ్యలకు ఎక్కువగా వచ్చును. జబ్బయో తొడయో వాచి, వ్రేలితో ఒత్తినచో లోపల గాలిబుడగలుండి చిటపటలాడును. దీనిని కన్నడమున “చప్పె రోగ” మనియు, తమిళమున “సప్పై నోయ్” అనియు అందురు. చప్పె, సప్పై అనునవి తుంటిని తెలుపు మాటలు.

పేర్లు ఇట్లు సాయపడునప్పుడు బాగుగనే యుండును. అవి మోసగించు తావు ఒకటి కలదు. “గొంతువాపు” అను రోగమును తీసికొందము. వానకాలమున వచ్చును, ఎనుములకు మరింత ప్రమాదకరము. తీవ్రజ్వరముతో గొంతుక్రింద వాచి, ఊపిరి ఆడక గుఱ్ఱుగుఱ్ఱుమని శబ్దము చేయుచు ఒకటి రెండు దినములలో పశువు చచ్చును. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది ఆంధ్రప్రదేశమున. అచ్చట పుస్తకములలో చూచిన పేరు గొంతువాపు. ఇచ్చటి అవ్వలు దానిని “గురక” అనుట మేము ఉద్యోగమునకు వచ్చిన పిమ్మట వింటిమి. తమిళమున దానిపేరు “తొండై అడైప్పాన్”. తొండై అనగా గొంతు. అడై అనగా అడ్డుపడుట. ఇంతవరకు సరియే. కాని తొండై అను మాట విడిచి వట్టి “అడైప్పాన్” అనినచో తమిళమున అది వేరొక రోగమగును. మనవారు “దొమ్మ” అని, కన్నడమువారు “నెరడి” అని చెప్పునది. ఒక్క మాట జారినచో రోగమే మారిపోవును.

సోమవారమునాడు ఆలస్యముగా వచ్చిన బాలిక యింట రెండేండ్లకు ముందు జరిగినది ఇట్టిదే. పాలిచ్చు ఎనుము రాత్రి గురకపెట్టుట మొదలిడినది. అవ్వకు రోగము తెలిసినది. తెల్లవారగానే ఆ బాలికచేత ఫోను చేయించిరి. అవతల నెత్తినవారు తమిళమున “ఏమి రోగము?” అని అడిగిరి. బాలిక, “గురక” అని అవ్వ చెప్పిన మాటనే తమిళమునకు మార్చి చెప్పెను. తమిళమున గురకయనగా నిద్రలో పెట్టు గురకయే. ఎనుము నిద్రలో గురకపెట్టుచున్నదని ఫోను చేసిన పిల్లను చూచి అవతలివారు నవ్వి, మరల మాటాడుదమని పెట్టివేసిరి. మధ్యాహ్నమునకు వారే మరల ప్రయత్నించి మాటాడించి, వైద్యుడు వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకినది. ఎనుము అంతకు గడియముందు పోయినది. ఆ యింటికి అది నెలనెల కిరాణా, ఆ బాలికకు బస్సు ఛార్జి. తప్పు ఫలానివారిదని మేము చెప్పబోము. మొదట జ్వరమున్నదనియు, గొంతుక్రింద వాచినదనియు, ఊపిరికి శబ్దమగుచున్నదనియు మూడు ముక్కలు చెప్పియుండినచో, ఏ భాషవారికైనను తెలిసియుండెడిది. అవ్వకు తెలిసినదంతయు “గురక” అను ఒక్క మాటలో ముడివడి యుండెను. ఆ ముడి విప్పు నేర్పు ఆనాడు ఆ బాలికకు మేము నేర్పియుండలేదు.

దొమ్మను గూర్చి వేరుగా చెప్పవలెను. ఏలయనగా అందు మనుష్యునికిని చావు కలదు. నిన్నటివరకు బాగుగనున్న పశువు హఠాత్తుగా పడి చచ్చును. ముక్కు, నోరు, వెనుకదారులనుండి నల్లని రక్తము గడ్డకట్టక కారుచుండును. కళేబరము త్వరగా ఉబ్బును, బిగుసుకొనదు. చూచినవారు “పాము కరచినది” అందురు. ఇంతవరకు అపాయము లేదు. అపాయము తరువాతి పనిలో నున్నది. చర్మమునకు ధర వచ్చునని ఒలుచుట, మాంసము వృథాయగునని పంచుకొనుట. దొమ్మ క్రిమి పశువు శరీరమున నున్నంతసేపు మామూలు క్రిమియే. కోసినప్పుడు గాలి తగిలి అది గట్టి పెంకువంటి రూపము దాల్చును. ఆ రూపమున మట్టిలో దశాబ్దములు బ్రతుకగలదు. కోసిన చేతులపై దురదతో మొదలై, నొప్పిలేని నల్లని మచ్చగల పుండు పుట్టును. వెంటనే వైద్యము చేయించినచో నయమగును. ఉపేక్షించినచో, లేక ఆ మాంసము తిన్నచో, ప్రాణాపాయము.

ఫ్రాన్సు దేశపు గొఱ్ఱెలకాపరులు కొన్ని పొలములను “శాపపు పొలములు” అనెడివారట. ఆ పొలములలో మేసిన మందలు ఏటేట చచ్చుచుండెను. లూయీ పాశ్చరు పండితుడు ఆ మాటను మూఢనమ్మకమని త్రోసివేయలేదు. దొమ్మతో చచ్చిన గొఱ్ఱెలను పూడ్చిన తావులే అవి యని కనుగొని, వానపాములు ఆ క్రిములను పైకి తెచ్చునని భావించెను. 1881లో పూయీ-ల-ఫోర్ అను ఊర జనుల ఎదుట తన దొమ్మ టీకాను పరీక్షించి నెగ్గెను. కాపరులు గుర్తించినది నిజము. కారణము మాత్రము వేరు. పామరుల మాటను వినవలసిన తీరు అదియని మాకు తోచును. నమ్మవలసినది వారి కంటిని. కారణము వెదకవలసినది శాస్త్రము.

కావున హఠాత్తుగా చచ్చిన పశువును, రక్తము కారుచున్నచో, కోయరాదు, ఒలువరాదు, ఏటివైపునకో చెరువు వైపునకో ఈడ్చివేయరాదు. కుక్కలు, కాకులు ముట్టకుండ కాపుంచి కబురు పంపవలెను. వైద్యుడు వచ్చి ఒక్క చుక్క రక్తము తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచినచో తేలిపోవును. పిమ్మట నీటికి దూరముగా లోతుగా పూడ్పింతురు. చుట్టుప్రక్కల పశువులకు టీకా వేయుదురు. 1932లో రాణిపేటలో స్థాపింపబడిన పశువైద్య నివారణ సంస్థయందు ఇట్టి టీకాలు తయారగుచున్నవి. అది మన జిల్లాకు ఎంతో దూరముకాదు.

ఇంత తెలిసియు మనవారు ఏల కబురు పంపరు? ఈ ప్రశ్నకు “అజ్ఞానము” అని జవాబు చెప్పుట పట్టణవాసులకు సులభము. మేము విద్యార్థుల తల్లిదండ్రుల నడిగి తెలిసికొన్న కారణములు వేరు. రోగమున్నదని తెలిసినచో పాలు కొనరను భయము మొదటిది. నాలుగు దినములు పాలు పోయకున్న ఆ వారము అప్పుతో గడువవలెను. ఇరుగుపొరుగు తమ పశువులను ఆ యింటివైపు తోలరు, నీళ్లతొట్టి ముట్టనీయరు, అది అవమానము. మూడవది, ఇదివరలో ఒకసారి చెప్పినప్పుడు ఎవరును రాకపోవుట. చెప్పి ఫలము లేకపోయినచో రెండవసారి చెప్పువాడుండడు. ఇది రైతు తప్పుకాదు. అన్నిటికంటె హాని చేయునది నాలుగవది. పశువు మేత మానిన మరుసటి దినమే, చావకముందు నాలుగు రూకలైన వచ్చునని సంతకు తోలుట. అమ్మినవానికి నష్టము తగ్గినది. కొన్నవాని కొట్టమునకు రోగము చేరినది. సంతలో దానిప్రక్కన నిలిచిన పశువులన్నియు తలకొక ఊరికి దానిని మోసికొనిపోయినవి. హోసూరు సీమలో మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియుచున్నవి. పశువులకు సరిహద్దు లేదు.

చెప్పినందువలన ఏమి జరిగినదో తెలియుటకు ఒక్క చరిత్ర చాలును. మన తాతల కాలమున “పెద్దరోగము” అనియు, “ముసర” అనియు పిలువబడిన పశువుల మారి యొకటి యుండెను. తమిళులు “వెక్కై” అనిరి, కన్నడమువారు “దొడ్డ రోగ” మనిరి. జ్వరము, కండ్ల నీరు, నోట పుండ్లు, దుర్గంధముతో కూడిన విరేచనములు. మందలకు మందలు పోయెడివి. 1960 ప్రాంతమున వాల్టరు ప్లోరైటు అను శాస్త్రజ్ఞుడు కెన్యా దేశమున దానికి మంచి టీకా కనిపెట్టెను. కాని టీకా మాత్రమే ఆ రోగమును చంపలేదు. చివరి దశలో రోగము ఎచ్చట దాగియున్నదో కనుగొనుటయే కష్టమైనది. మన దేశమున పశువైద్య సిబ్బంది ఊరూర తిరిగి, కాపరులను, ముసలివారిని, “ఇట్టి గుర్తులుగల పశువును చూచితిరా?” అని అడుగు పద్ధతి పెట్టిరి. దేశమున చివరగా ఆ రోగము కనబడినది 1995లో, మన తమిళనాడునందే. 2011లో ఆ రోగము భూమిపై లేదని ప్రపంచసంస్థలు ప్రకటించెను. మనుష్యుల మశూచి తరువాత లోకమునుండి పూర్తిగా తొలగింపబడిన రెండవ వ్యాధి అది.

అదే పెద్దరోగమునకు తమ్మునివంటిది మేకలకు, గొఱ్ఱెలకు వచ్చు పారుడు రోగము. వైద్యులు దానిని పి.పి.ఆర్. అందురు. భారతదేశమున అది మొదట గుర్తింపబడినది 1987లో విళుప్పురము ప్రాంతపు అరసూరు అను ఊర. అప్పటివరకు అట్లు పారి చచ్చిన మేకలను పెద్దరోగము లెక్కలోనే వేయుట జరుగుచుండెను. క్రొత్త రోగమునకు ప్రజలలో పేరే ఉండదు, పాతపేరుతోనే పిలుతురు. 2019లో ఒడిషాలో మొదట బయటపడి, 2022లో రాజస్థానము, గుజరాతు మొదలగు తావుల లెక్కకుమించిన ఆవులను బలిగొన్న ముద్దచర్మ వ్యాధియు అట్టిదే. ఒళ్లంతయు గడ్డలు లేచుట చూచి, అమ్మవారు పోసినదని వేపాకు కట్టి, మందు వేయరాదని అనుకొన్న యిండ్లు మన సీమలోను కలవు. వేపాకు కట్టుటవలన నష్టములేదు. కబురు చెప్పకపోవుటవలన కలదు. ఆ వ్యాధి హెచ్చుగా ఈగలు, దోమలు, పిడుదుల వలన ప్రాకును, మనుష్యులకు రాదు.

ఇక కబురు చెప్పు విధము. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, పశువునకు అంటురోగమున్నదని అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. వారు దగ్గరి పశువైద్యునికి తెలుపుదురు. రోగమున్న పశువును వేరుగా కట్టుట యజమాని విధి. “అనుమానము” అను మాటను గమనింపుడు. రోగము పేరు నిశ్చయించి చెప్పవలెనని చట్టము అడుగలేదు. తమిళనాడు, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము మూటియందును 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును పిలువవచ్చును. ఆ పిలుపునకు రుసుము లేదు.

ఫోనునందు పేరు చెప్పకుడు, చూచినది చెప్పుడు. ఏ ఊరు, ఏ పశువు, ఎన్నేండ్లది, చూలుదా, పాలిచ్చునదా, ఎప్పటినుండి మేత మానినది, కంటికి కనబడుచున్నదేమి, ఇంట మరి యెన్నింటికి, ప్రక్కింట నెన్నింటికి ఇట్లున్నది, చచ్చినవి కలవా, టీకా ఎప్పుడు వేయించితిరి, ఈ నెలలో సంతనుండి క్రొత్తది తెచ్చితిరా. చెవికి వేసిన పోగుపై పండ్రెండు అంకెల సంఖ్య యుండును. అదియు చదివి చెప్పుడు. చూలు పశువు నెలలు నిండకయే ఈచుకపోయినచో మనవారు ఎవరికిని చెప్పరు, దిష్టి యందురు. అదియు చెప్పవలసినదే. ఆ మాయను వట్టిచేతులతో తాకరాదు. అందుండి మనుష్యునికి నెలల తరబడి పోని జ్వరము రాగలదు.

ఈ పనికి విద్యార్థులకంటె తగినవారు లేరు. ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదివి, సంతలో కన్నడము వినువారు మీరు. నెమరు వేయుట లేదు అనుటకు తమిళమున “అశై పోడవిల్లై”, కన్నడమున “మెలుకు హాకుత్తిల్ల” అనవలెను. జ్వరము తమిళమున “కాయ్చ్చల్”, కన్నడమున జ్వరమే. చొల్లు అను మాటకు మాత్రము కష్టము లేదు. కన్నడమున “జొల్లు”, తమిళుల వాడుకలో “జొళ్ళు”. మూడు భాషలు ఒకే నోటినుండి కారినట్లున్నవి.

ఆ సోమవారము బాలిక చేసిన ఫోను ఈ తీరుననే సాగినది. నెమరు లేదు, ముట్టె ఎండినది, ముందుకాలు కుంటుచున్నది, నోట పుండ్లు లేవు, గిట్టల నడుమ పుండ్లు లేవు అని అవ్వ ఒక్కొకటి చూచి చెప్పగా, ఆమె ఒక్కొకటిగా తమిళమున పలికెను. మధ్యాహ్నమునకు బండి వచ్చినది. వైద్యుడు చూచి, దోమలవలన వచ్చు మూడునాళ్ల జ్వరమని తేల్చి సూది వేసెను. గాలికుంటు కాదని అవ్వ అంతకు ముందే ప్రక్కింటివారికి చెప్పియుండెను. నాలుగవనాడు ఆవు నెమరు వేసినది.

వచ్చు సంచికకొరకు మేమొక పని తలపెట్టితిమి. మీ యిండ్లలో అవ్వలు, తాతలు పశురోగములకును, వాని గుర్తులకును వాడు మాటలను, వారు పలికినది పలికినట్లే, వ్రాసి తెండు. మాట, దాని గుర్తు, ఏ ఋతువున వచ్చును, ఏ పశువునకు వచ్చును, ఈ నాలుగు చాలును. తమిళ, కన్నడ నామములను మనము కలిసి చేర్చి, పశువైద్యునికి చూపి సరిచూచి అచ్చువేయుదము. ఆ బాలిక తన అవ్వ చెప్పిన పదునొకండు మాటలు ఇప్పటికే తెచ్చి యిచ్చినది. అందు ఆరు మేము ఏ నిఘంటువునందును చూడనివి.